థెస్సలొనీకి పైఊరు: అమ్మ మోకాళ్లతో ఎక్కగలమా?

గోదారిపిల్ల | సెప్టెంబరు 11, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను స్టుట్‌గార్ట్‌లో ఉంటాను. అమ్మ రాజమండ్రి నుంచి వచ్చి నెలైంది. అక్టోబరు మొదటి వారంలో ఇద్దరం గ్రీసు వెళ్తున్నాం. ఏథెన్స్ కాదు, థెస్సలొనీకి. విమానం టికెట్టు అక్కడికే చవగ్గా దొరికింది, అదీ అసలు కారణం.

మూడు రోజులు ఉంటాం. సముద్రపు ఒడ్డు, తెల్ల బురుజు, మ్యూజియం పోగా ఒక రోజంతా ఆనో పోలి అనే పాత పేటకి పెట్టుకోవాలని నాకుంది. ఫొటోల్లో కొండ మీద ఇరుకు సందులు, ముందుకు పొడుచుకొచ్చిన చెక్క గదుల ఇళ్లు, వెనక కోటగోడ కనిపిస్తున్నాయి. చిక్కల్లా అమ్మ మోకాళ్లు. అరవై ఆరేళ్లు. పైగా శాకాహారి, గుడ్డు కూడా తినదు.

వెళ్లినవాళ్లు చెప్పండి. ఎక్కగలమా? ఎక్కితే చూడ్డానికి నిజంగా ఏమైనా ఉందా, ఫొటోలకేనా?

సీమ_రాయుడు | సెప్టెంబరు 11, రాత్రి 9:40

గ్రీసు దాకా పోయి శాంటొరిని చూడకుండా కొండ మీద పాత ఇళ్లు చూస్తానంటారేంటమ్మా? పాత ఇళ్లు మా ప్రొద్దుటూరులో లేవా? ఆ తెల్ల గోడలు, నీలం గుమ్మటాలు చూపించండి మీ అమ్మగారికి.

కళింగపట్నం | సెప్టెంబరు 11, రాత్రి 11:05

రాయుడన్నా, శాంటొరినిలో మెట్లు లెక్కపెట్టావా ఎప్పుడైనా? మోకాళ్ల నొప్పి ఉన్నావిడని అక్కడికి పంపిస్తే ఆవిడ నిన్ను జన్మలో క్షమించదు.

నేను ఓడ మీద సెకండ్ ఇంజినీర్ని. థెస్సలొనీకి రేవులో రెండుసార్లు ఆగాం. మొదటిసారి ఆరు గంటలు బయటికి వదిలారు. మిగతావాళ్లు రేవు దగ్గరే కూర్చున్నారు, నేను బస్సెక్కి పైదాకా పోయాను. పైన త్రిగోనియో అని గుండ్రటి బురుజు ఉంది. దాని పక్కన గోడ దగ్గర నిలబడితే ఊరంతా కాళ్ల కింద పరుచుకుని, ఆ చివర సముద్రంలో మా ఓడ అగ్గిపెట్టంత కనిపించింది. నాలుగు నెలలుగా నన్ను మింగేసిన ఓడ అది. అంత చిన్నదిగా చూసేసరికి ప్రాణం లేచొచ్చింది. ఆ ఒక్క చూపు కోసమైనా వెళ్లండి.

సలోనికా_శ్రీను | సెప్టెంబరు 12, ఉదయం 8:20

నేను ఈ ఊళ్లో ఎనిమిదేళ్లుగా ఉంటున్నాను. అందులో ఐదేళ్లు ఆనో పోలిలోనే. అక్షరాలా చెప్పాలంటే ఆ మాటకి పైఊరు అనే అర్థం. కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

గోదారిపిల్ల గారూ, ముందు మోకాళ్ల సంగతి. ఇక్కడ మేం కొత్తవాళ్లకి చెప్పేది ఒకటే: ఎక్కొద్దు, దిగండి. కింద ఎలెఫ్తెరియాస్ కూడలి నుంచి 23 నంబరు బస్సు కొండ మీదికి వస్తుంది. లేదంటే టాక్సీ ఎక్కి త్రిగోనియో అనండి చాలు. పైన దిగి, సందుల్లోంచి నెమ్మదిగా అజియూ దిమిత్రియూ వీధి దాకా దిగితే రోజు సరిపోతుంది. మెట్రో వచ్చిందిగా అంటారేమో. 2024 నవంబరు 30న పదమూడు స్టేషన్లతో మొదలైంది, డ్రైవరు లేని రైళ్లు. బాగుంది, కానీ కొండ ఎక్కదు. వెనిజెలూ స్టేషన్లో మాత్రం ఒకసారి దిగండి. తవ్వుతుంటే బయటపడ్డ పాత రాతి రోడ్డుని స్టేషన్ లోపలే ఉంచారు.

ఫోన్లో మ్యాపుని ఇక్కడ నమ్మొద్దు. దానికి సందుకీ మెట్లకీ తేడా తెలీదు. దగ్గరి దారి అని చూపిస్తే అది కచ్చితంగా మెట్ల దారే. కాల్దెరిమి అంటారు ఇక్కడి రాళ్లు పరిచిన సందుల్ని. వాన పడితే జారుతాయి. అమ్మగారికి చెప్పులు వద్దు, రబ్బరు అడుగున్న బూట్లు వేయించండి.

ఇక చూడ్డానికేముంది అన్నారు. దానికి ముందు ఒక సంగతి తెలియాలి, లేకపోతే కింద ఊరు ఒక రకంగా, పైఊరు ఇంకో రకంగా ఎందుకుందో అర్థం కాదు. 1917 ఆగస్టులో ఈ ఊరు తగలబడింది. ఒలింపియాదోస్ వీధిలో ఒక కాందిశీకుల ఇంట్లో వంటింటి నిప్పురవ్వ కింద ఉన్న గడ్డి మీద పడిందట. ఆ వీధి పైఊరి పాదాల దగ్గరే. అయినా పైఊరు చాలామటుకు మిగిలిపోయింది. ఎందుకంటే ఉత్తరం నుంచి వర్దారిస్ అనే గాలి వీస్తోంది. మంటని అది కిందికి, సముద్రం వైపుకి తోసింది. ముప్ఫై రెండు గంటలు కాలింది. తొమ్మిదివేల అయిదొందల ఇళ్లు పోయాయి, డెబ్భై వేలమందికి పైగా నిలువనీడ లేకుండా అయ్యారు. వాళ్లలో ఎక్కువమంది యూదులు. తర్వాత ఎర్నెస్ట్ ఎబ్రార్ అనే ఫ్రెంచి ఆర్కిటెక్టు నాయకత్వంలో కింది ఊరిని కొత్తగా గీశారు. ఇప్పుడు మీరు చూసే వెడల్పు రోడ్లు, అరిస్తోతెలూస్ చౌరస్తా అప్పటివే. గాలి అటు కాకుండా ఇటు తిరిగి ఉంటే పైఊరు కూడా ఇలాంటి వరసల్లోకి వచ్చేసేది.

తిండి గురించి సాయంత్రం రాస్తాను, ల్యాబుకి టైమైంది.

చార్మినార్_చాయ్ | సెప్టెంబరు 12, మధ్యాహ్నం 1:15

శ్రీనన్నా, మస్త్ చెప్పినవ్. నేను పోయినేడు పోయిన. మనది శాలిబండ, పాతబస్తీలోనే పుట్టి పెరిగిన. అక్కడ తిరుగుతుంటే ఒక్కో మాట ఇంటి మాటలెక్క వినపడ్డది.

తుర్కుల కాలంల పేటల్ని మహల్లె అనెటోళ్లంట. మన మొహల్లానే గదా! స్నానాల గదులు హమామ్. ఒక పాత ప్లేన్ చెట్టు పేరు మీద త్సినారి అనే కూడలి ఉంది, అది మన చినార్. ముందుకు పొడుచుకొచ్చిన చెక్క గదిని సఖ్నిసి అంటరు. దాని మూలం ఫారసీ షానషీన్, అంటే షా కూసునే జాగ. కింద అలాజా ఇమారెత్ అని 1484ల కట్టిన మసీదు ఉంది. మనకు ఇమారత్ అంటే బిల్డింగ్, వాళ్లకు ఇమారెత్ అంటే పేదలకు అన్నం పెట్టే ఇల్లు. బోర్డు చూసి 'ఏ బిల్డింగ్ అన్నా?' అని అడిగి నవ్వులపాలైన.

ఇంకో ముచ్చట. కోట పెద్ద బురుజు మీద 1431 నాటి రాత ఉంది. కట్టించినాయన పేరు చావుష్ బే. చావుష్ అంటే ఫౌజుల ఒక హోదా. మన బార్కస్‌ల అరబ్బుల్ని చావూష్‌లు అంటరు చూడు, అదే మాట. థెస్సలొనీకి బురుజు మీది పేరు బార్కస్ గల్లీల వినపడుతదని ఎవలనుకుంటరు?

సీమ_రాయుడు | సెప్టెంబరు 12, మధ్యాహ్నం 1:50

మాటలు సరే. మాటలు వినడానికి విమానం ఎక్కాలా? అక్కడ గుడి ఉందా, కోట ఉందా, లోపలికి పోనిస్తారా, అది చెప్పండి.

సలోనికా_శ్రీను | సెప్టెంబరు 12, సాయంత్రం 7:30

రాయుడు గారి కోరిక ప్రకారం గుడులు, కోట.

వ్లతాదోన్ మఠం. పద్నాలుగో శతాబ్దంలో వ్లతీ ఇంటిపేరున్న ఇద్దరు అన్నదమ్ములు, దొరొథేయోస్, మార్కోస్, పెట్టారు. ఊళ్లో బైజాంటియం కాలం మఠాల్లో ఇప్పటికీ నడుస్తున్నది ఇదొక్కటే. ఆవరణలో నెమళ్లు తిరుగుతుంటాయి. అమ్మగారికి కూర్చోడానికి నీడ, బల్లలు ఉన్నాయి. సముద్రం కనిపిస్తుంది, ఆకాశం తేటగా ఉంటే అవతలి ఒడ్డున ఒలింపస్ కొండ కూడా.

దాని కిందనే ఓసియోస్ దావిద్. బయట నుంచి చూస్తే ఎవరిదో పాత పెంకుటిల్లు అనుకుని దాటేస్తారు. నాకు పైఊళ్లో అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. లోపల అయిదో శతాబ్దం చివరి మొజాయిక్ ఉంది. గడ్డం లేని కుర్ర క్రీస్తు ఇంద్రధనుస్సు మీద కూర్చుని ఉంటాడు, కాళ్ల కింద నాలుగు నదులు, నీళ్లలో చేపలు. పక్కన ఇద్దరు ప్రవక్తలు. ఒకాయన ఆ వెలుగుకి తాళలేక చేతులెత్తి బిత్తరపోతుంటాడు, ఇంకొకాయన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచనలో ఉంటాడు. దీన్ని దాచడానికి ఎద్దుతోలు కప్పారని పాత కథ. తర్వాత అది మసీదు అయినప్పుడు నిజంగానే సున్నం కింద పడిపోయింది. 1921లో మళ్లీ బయటపడింది. గుడి చిన్నది, తెరిచి ఉండే వేళలూ తక్కువే. పొద్దున్నే వెళ్లండి.

తూర్పు వైపు నికొలావోస్ ఓర్ఫనోస్ అనే ఇంకో చిన్న గుడి ఉంది, 1310-1320 నాటి గోడబొమ్మలు. ఓపిక ఉంటేనే వెళ్లండి, దారి తిరుగుడు. ఈ మూడూ, ఊళ్లోని మరికొన్నీ కలిపి పదిహేను కట్టడాలు 1988లో యునెస్కో జాబితాలో చేరాయి.

కోట పేరు ఎప్తాపీర్గియో, తుర్కీలో యెదీ కులె. ఏడు బురుజులని అర్థం, లెక్కపెడితే పది వస్తాయి. 1890ల నుంచి 1989 దాకా అది జైలు. జర్మన్ల ఆక్రమణలోనూ, తర్వాత అంతర్యుద్ధంలోనూ రాజకీయ ఖైదీలతో నిండిపోయింది. రెబెతికో అనే ఇక్కడి పాత బస్తీ పాటల్లో యెదీ కులె మాట వస్తే అది ఈ జైలే. లోపల ఖైదీల గదులు, తిరిగే ఆవరణలు అలాగే ఉన్నాయి. ఎండ ఎక్కువ, నీడ తక్కువ. అమ్మగారిని బయట కాఫీ కొట్లో కూర్చోబెట్టి మీరొక్కరూ చూసి రావచ్చు.

తిండి: నిస్తీసిమో అనే మాట నేర్చుకోండి. చర్చి ఉపవాసాలప్పుడు తినే వంట అని. మాంసం, పాలు, గుడ్డు ఉండవు. బుధ, శుక్రవారాల్లోనూ చాలామంది పాటిస్తారు కాబట్టి అడిగితే వెంటనే అర్థం చేసుకుంటారు. కానీ జాగ్రత్త: వాళ్ల ఉపవాసానికి రొయ్యలు, ఆక్టోపస్ అడ్డం కాదు! మా అమ్మ వచ్చినప్పుడు 'నిస్తీసిమో' అని ధీమాగా చెప్పి కూర్చుంటే పళ్లెంలో ఎనిమిది కాళ్లు వచ్చాయి. పొద్దున నువ్వులు అద్దిన కులూరి కొనుక్కోండి, గుండ్రటి రొట్టె. బుగాత్సాలో రవ్వ క్రీము ఉంటుంది, గుడ్డు వేశారేమో అడగండి.

పాత_పుస్తకం | సెప్టెంబరు 13, ఉదయం 6:05

శ్రీను గారు చక్కగా రాశారు. రిటైరైన చరిత్ర లెక్చరర్ని, గుంటూరు. ఆ ఊరికి ఒకేసారి వెళ్లాను. రెండు మాటలు కలుపుతాను.

వ్లతాదోన్ దగ్గర టాక్సీవాళ్లు, గైడ్లు ఒక కథ తప్పకుండా చెబుతారు. 1430లో రెండో మురాద్ ఊరిని ముట్టడించినప్పుడు ఈ మఠం సన్యాసులే 'హొర్తియాతిస్ కొండ నుంచి వచ్చే నీళ్లు ఆపండి, ఊరు లొంగుతుంది' అని సుల్తానుకి కబురు పెట్టారట. వినడానికి రుచిగా ఉంటుంది. ఊరి నీటి తొట్లు మఠం ఆవరణలోనే ఉన్నమాట నిజం, కాబట్టి కథకి కాళ్లు దొరికాయి. కానీ ఊరు దాహంతో లొంగలేదు. అప్పటికి ఏడేళ్లుగా వెనిస్ వాళ్ల చేతిలో ఉంది, సైన్యం గోడలెక్కి పట్టుకుంది, తర్వాత దోపిడీ జరిగింది. సుల్తాను దయ దక్కిన మఠం మీద ఇరుగుపొరుగు ఏమనుకుంటారో మన ఊళ్లలో చూడలేదా? అలా పుట్టిన కథ అని నా అనుమానం.

ఆ మఠానికే ఇంకొక గొప్ప ఉంది, దాన్ని గైడ్లు చెప్పరు. 2005లో ఒక ఫ్రెంచి పరిశోధక విద్యార్థికి అక్కడి గ్రంథాలయంలో ఒక రాతప్రతిలో గేలెన్ రాసిన వ్యాసం దొరికింది. ప్రాచీన వైద్యుడు గేలెన్. ఆ వ్యాసం పోయిందనే అందరూ అనుకున్నారు. అందులో విషయం ఏమిటో తెలుసా? క్రీ.శ. 192లో రోములో జరిగిన అగ్నిప్రమాదంలో తన పుస్తకాలు, మందులు, పరికరాలు కాలిపోతే తాను ఎందుకు కుంగిపోలేదో ఒక మిత్రుడికి వివరిస్తాడు. నేను ఆ మఠం బల్ల మీద కూర్చుని కింద 1917లో కాలిన ఊరిని చూస్తూ ఇదే తలుచుకున్నాను.

గోదారిపిల్ల | సెప్టెంబరు 13, రాత్రి 10:30

మాస్టారూ, శ్రీను గారూ, చాయ్ అన్నా, అందరికీ థాంక్స్. అమ్మకి మొత్తం చదివి వినిపించాను. ఆక్టోపస్ దగ్గర 'రామ రామ' అంది.

తర్వాత ఒకటి అడిగింది, నాకు జవాబు తెలీలేదు. "మసీదులు, హమామ్‌లు, మొహల్లాలు అంటున్నారు కదా, మరి ఆ తురకలంతా ఏమయ్యారే? ఆ చెక్క ఇళ్లు ఎవరివి?"

పాత_పుస్తకం | సెప్టెంబరు 14, ఉదయం 6:20

అమ్మగారు అసలు ప్రశ్న అడిగారు.

ఆ ఇళ్లలో ఎక్కువ ముస్లిములవి. ఒట్టోమాన్ కాలంలో గాలి, నీరు బాగుండే పైఊరు వాళ్లది, యూదులు కింద రేవు వైపు ఉండేవారు. 1912లో ఊరు గ్రీసు చేతికి వచ్చింది. 1923 జనవరి 30న స్విట్జర్లాండులోని లోసాన్‌లో గ్రీసు, టర్కీ ఒక ఒప్పందం రాసుకున్నాయి: మీ క్రైస్తవుల్ని మేం తీసుకుంటాం, మా ముస్లిముల్ని మీరు తీసుకోండి. అడిగి చేసింది కాదు, నిర్బంధం. భాష చూడలేదు, మతమే చూశారు. గ్రీకు తప్ప ఇంకోటి రాని ముస్లిములు టర్కీకి పోయారు, తుర్కీ తప్ప ఇంకోటి రాని క్రైస్తవులు గ్రీసుకి వచ్చారు. ఇటు పన్నెండు లక్షల వరకు, అటు మూడున్నర లక్షలకు పైగా.

పైఊళ్లో ఖాళీ అయిన ఇళ్లలో ఆసియా మైనరు నుంచి వచ్చినవాళ్లు చేరారు. ఒక్కో ఇంట్లో గదికో కుటుంబం. ఇల్లు దొరకనివాళ్లు కోటగోడనే వెనక గోడ చేసుకుని, ముందు మూడు గోడలు లేపి గూళ్లు కట్టుకున్నారు. వాటిని కాస్త్రోప్లిక్త అంటారు. రోము చక్రవర్తుల కాలం గోడకి వంటింటి మేకు కొట్టుకుని బతికారు.

అక్కడికి దగ్గర్లోనే టర్కీ రిపబ్లిక్ స్థాపకుడు ముస్తాఫా కెమాల్ అతాతుర్క్ 1881లో పుట్టిన ఇల్లు మ్యూజియంగా ఉంది. టర్కీ నుంచి వచ్చేవాళ్లు బస్సుల్లో అక్కడే దిగుతారు.

చార్మినార్_చాయ్ | సెప్టెంబరు 14, ఉదయం 9:00

తెర్ప్సిథెయా కూడలిల మూసా బాబా గోరీ ఉంది, ఎనిమిది మూలల కట్టడం. చుట్టూ పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతున్నరు. మన దగ్గరైతే చాదరు, ఊదుబత్తులు, గురువారం జనం. అక్కడ కప్పెటోడు ఎవడూ మిగల్లే. నేను ఒక్కన్ని నిలవడి ఫాతిహా చదివిన. ఒక పోరడు బంతి పట్టుకుని నేనైపోయేదాంక ఆగిండు.

సీమ_రాయుడు | సెప్టెంబరు 14, ఉదయం 9:35

ఇది బాగా చెప్పినావు.

కానీ ఒక డౌటు. ఆ గోడకి అంటుకున్న ఇళ్లని ఇప్పుడు ఫొటోలు తీసి 'ఎంత క్యూట్' అని పెడుతున్నారు కదా అందరూ. అది గుడిసెల బస్తీ అన్నట్టే కదా లెక్క?

సలోనికా_శ్రీను | సెప్టెంబరు 14, మధ్యాహ్నం 12:10

రాయుడు గారూ, ఇన్ని రోజులకి మీతో ఏకీభవిస్తున్నాను.

పేదరికానికి వయసు మళ్లితే అందం అంటారు ఇక్కడ. ఆ గూళ్లు చాలావరకు కూల్చేశారు, గోడ కనిపించాలని. కొన్నింట్లో ఇంకా మనుషులున్నారు. తీగ మీద బట్టలు ఆరేసి ఉంటాయి, టూరిస్టు వచ్చి కిటికీలో ఫోను పెడతాడు. నేనున్న సందులో ఒక పెద్దాయన విసిగిపోయి కిటికీకి అట్టముక్క బిగించాడు.

ఇంకో పక్క చూస్తే, నేను అద్దెకున్న ఇంటి ఓనరు మూడో ఏడాది ఖాళీ చేయమన్నాడు. రోజువారీ టూరిస్టులకి ఇస్తే ఎక్కువ వస్తుందట. పక్క సందులో ఇంకోటి చూసుకున్నాను, మునుపటికన్నా అద్దె ఎక్కువ, గది చిన్నది.

అసలు 1970ల దాకా ఈ పేటంటే ఊళ్లోవాళ్లకే చిన్నచూపు అని ముసలివాళ్లు చెబుతారు. 1978 జూన్‌లో భూకంపం వచ్చింది. ఆ తర్వాత దీన్ని సంప్రదాయ పేటగా ప్రకటించి ఎత్తు ఇంత, కప్పు ఇలా, సఖ్నిసి ఉండాలి అని నియమాలు పెట్టారు. దానివల్ల అపార్ట్‌మెంట్లు లేవలేదు, నిజమే. కానీ పాత ఇల్లు పడగొట్టి, కాంక్రీటుతో పాత ఇంటిలా కట్టినవి బోలెడు. తేడా ఎలా పట్టాలంటే సఖ్నిసి కింద చూడండి. అసలుదానికి చెక్క ఊతకర్రలు వంకరగా, ఒక్కోటి ఒక్కోలా ఉంటాయి. నకిలీది అచ్చు పోసినట్టు ఉంటుంది. గోడ పెచ్చు ఊడిన చోట లోపల అడ్డకర్రలు, మధ్యలో ఇటుక, మట్టి కనిపిస్తే అది పాతదే.

కళింగపట్నం | సెప్టెంబరు 14, రాత్రి 11:40

ఇంకొకటి, పైఊరిది కాదు గానీ చెప్పాలి. ఊరికి పడమట పక్క మొనాస్తీర్ రోడ్ ఇండియన్ సెమెటరీ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ వైపు పోరాటానికి వచ్చి చనిపోయిన మన దేశం సైనికులది. రెండోసారి ఓడ ఆగినప్పుడు పోయాను. మావాళ్లెవరికీ తెలీదు, నాకూ ఓడలో ముసలి బోసన్ (డెక్కు మేస్త్రీ) చెబితేనే తెలిసింది. టైముంటే ఒక పువ్వు పెట్టి రండి.

గోదారిపిల్ల | అక్టోబరు 9, రాత్రి 8:45

వెళ్లొచ్చాం! మాట ఇచ్చినట్టు రిపోర్టు.

మొదటి తప్పు మాదే. శ్రీను గారు చెప్పినా వినకుండా త్రిగోనియో నుంచి మఠానికి ఫోన్లో మ్యాపు పెట్టాను. అయిదు నిమిషాలంది. మెట్లు. అమ్మ మధ్యలో కూర్చుని "ఆ శ్రీను చెప్పాడు కదే, నువ్వు ఎవరి మాటా వినవు" అని, ఇక ఆ రోజంతా శ్రీను గారు మా ఇంటి పెద్దకొడుకైపోయారు.

మొదటి రోజు ఒలింపస్ కనబడలేదు, అంతా మంచు తెరలా ఉంది. రెండో రోజు రాత్రి గాలి వీచింది (వర్దారిస్ అదేనా?), మర్నాడు మళ్లీ 23 బస్సెక్కి వెళ్తే సముద్రం అవతల తేటగా కనిపించింది. అమ్మ దండం పెట్టుకుంది. అది వాళ్ల దేవతల కొండే అమ్మా అంటే, ఎవరి దేవతలైతేనేం, కొండ ఎక్కి కూర్చున్నారంటే మన వెంకన్నకి చుట్టాలే అంది.

నెమళ్లు ఉన్నాయి, కానీ తోకలు లేవు! ఈకలు రాలిన కాలమట. అమ్మకి కాస్త నిరాశ. దాన్ని ఓసియోస్ దావిద్ తీర్చింది. దావిద్ అనే ఆ సాధువు మూడేళ్లు బాదంచెట్టు మీదే కూర్చుని తపస్సు చేశాడని అక్కడ చదివి చెప్పాను. అప్పటిదాకా చర్చిలో ఎలా నిలబడాలో తెలియక మూలకి ఉన్న అమ్మ, ఇక అరగంట కదల్లేదు. నదిలో చేపలు లెక్కపెట్టింది. గడ్డం కింద చెయ్యి పెట్టుకున్న ప్రవక్తని చూసి, "అచ్చం మీ తాతయ్య కరెంటు బిల్లు చూసినట్టు ఉన్నాడు" అంది. మాస్టారూ, మన్నించాలి.

ఇప్పుడు అసలు సంగతి. త్సినారి వైపు దిగుతుంటే ఒక ఇంటి మెట్ల మీద నూనె డబ్బాల్లో మొక్కలు పెట్టి ఉన్నాయి. ఆగి చూస్తే తులసిలాంటిది. అమ్మ వంగి ఆకు నలిపి వాసన చూసింది. లోపలి నుంచి నల్ల గౌను వేసుకున్న ఒక ముసలావిడ వచ్చింది. తిడుతుందేమో అని నేను జర్మన్‌లో సారీ అన్నాను, అలవాటులో వచ్చేసింది. ఆవిడ జర్మన్‌లోనే "ఏం ఫరవాలేదు, ఇంకా తీసుకోండి" అంది. పద్నాలుగేళ్లు స్టుట్‌గార్ట్ దగ్గర ఫ్యాక్టరీలో చేసిందట! మేముండే పేట పేరు చెబితే అక్కడి ట్రామ్ నంబరు చెప్పింది.

కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. వాళ్ల నాయనమ్మ స్మిర్నా (ఇప్పటి టర్కీలోని ఇజ్మీర్) వైపు నుంచి వచ్చిందట, 1923లో ఈ ఇంట్లో రెండు గదులు ఇచ్చారట. ఆ మొక్క వాసిలికోస్. శిలువ పండక్కి గుడికి తీసుకెళ్తారు, దానితోనే మంత్రజలం చల్లుతారు. నేను అమ్మకి తెలుగులో చెప్పాను, మనం తులసితీర్థం ఇస్తామని అమ్మ అన్నది ఆవిడకి జర్మన్‌లో చెప్పాను. ఇద్దరూ నన్ను పక్కన పెట్టేసి తలలూపుకున్నారు.

అప్పుడు అమ్మ అడగమంది, ఈ ఇంటివాళ్లు మళ్లీ ఎప్పుడైనా వచ్చారా అని. నాకు మొహమాటం వేసింది. ఆవిడకి వెయ్యలేదు. చాలా ఏళ్ల కింద టర్కీలోని బుర్సా నుంచి ఒకావిడ కొడుకుతో వచ్చిందట. గుమ్మం దగ్గర నిలబడి లోపలికి రమ్మన్నా రాలేదు. బావి ఎక్కడుంది అని మాత్రం అడిగింది. వాళ్లమ్మ ఎప్పుడూ బావి గురించే చెప్పేదట. బావి ఎప్పుడో పూడ్చేశారు, దాని మీదే ఈ డబ్బాలు పెట్టారు. చూపిస్తే ఆవిడ ఒక డబ్బా జరిపి, కింద నేల చూసి, మళ్లీ యథాస్థానంలో పెట్టి వెళ్లిపోయిందట.

తిరిగొస్తుంటే బస్సులో అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత దేవీపట్నం పిన్ని సంగతి ఎత్తింది. పోలవరం ముంపుకి ఊరు పోయాక వాళ్లకి కాలనీలో ఇల్లు ఇచ్చారు. ఇప్పటికీ పిన్ని ఎవరొచ్చినా పెరట్లో చింతచెట్టు ఎటుండేదో చెయ్యి చాపి చూపిస్తుంది, కాలనీ ఇంట్లో నిలబడి.

పాత_పుస్తకం | అక్టోబరు 10, ఉదయం 5:55

పైఊరికి తూర్పున సరాంత ఎక్లిసియెస్ అనే పేట ఉంది. ఇప్పటి టర్కీలోని అదే పేరున్న ఊరి నుంచి వచ్చినవాళ్లు కట్టుకున్నది. అక్కడ ఆ ఊరి పేరిప్పుడు కిర్క్‌లారెలి. పాత పేరు ఇక్కడే మిగిలింది.

మీ పిన్నిగారి కాలనీకి ఏం పేరు పెట్టారమ్మా?

గోదారిపిల్ల | అక్టోబరు 10, ఉదయం 8:10

కాగితాల మీద ఏదో నంబరు ఉంది మాస్టారూ. వాళ్లు మాత్రం పాత ఊరి పేరే అంటారు. ఆటోవాళ్లకి కూడా అదే అలవాటైపోయింది.

సలోనికా_శ్రీను | అక్టోబరు 10, మధ్యాహ్నం 2:00

పెద్దకొడుకు హోదాకి అమ్మగారికి నమస్కారాలు. అవును, అది వర్దారిసే. ఆ ఇల్లు ఏ సందులోదో నాకు తెలిసిపోయింది. ఇక్కడ రాయను, ఆవిడ గుమ్మం ముందు క్యూ కడతారు.

సీమ_రాయుడు | అక్టోబరు 10, రాత్రి 9:25

మా ఆవిడ ఇదంతా చదివింది. శాంటొరిని హోటల్ రేట్లు కూడా చదివింది. ఏప్రిల్‌లో పోదామంటోంది, నెమళ్లకి తోకలు కూడా ఉంటాయట అప్పటికి. ఆ 23 నంబరు బస్సు ఎక్కడ ఎక్కాలి?

చార్మినార్_చాయ్ | అక్టోబరు 10, రాత్రి 9:31

అన్నా, మొదటి పేజీ మళ్లొకసారి చదువు.